‘గాక’ దగ్గర మొదలుపెట్టండి: క్రైస్తవ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో స్పానిష్ చెప్పడం ఎలా

అమెరికాలో పీహెచ్‌డీ అయ్యాక నాకు వచ్చిన మొదటి ఆఫర్ మిడ్‌వెస్ట్‌లోని ఓ చిన్న ఊరి కాలేజీ నుంచి. ఎప్పుడో చర్చివాళ్లు పెట్టిన కాలేజీ, చుట్టూ మొక్కజొన్న చేలు. ఫోన్లో చెబితే మా బాబాయి నవ్వాడు. "గుంటూరు నుంచి అంత దూరం వెళ్లి మళ్లీ మిషన్ కాలేజీలోనే చేరావా? అదీ స్పానిష్ చెప్పడానికా?" అన్నాడు.

ఆయన అనుమానంలో తప్పేం లేదు. మనకు మిషన్ కాలేజీ అంటే 1885లో లూథరన్లు పెట్టిన గుంటూరు ఏసీ కాలేజీ లాంటిది గుర్తొస్తుంది. అలాంటి చోట లెక్చరర్ ఏ చర్చికి వెళ్తాడో, అసలు వెళ్తాడో లేదో సాధారణంగా ఎవరూ అడగరు. అమెరికా క్రైస్తవ లిబరల్ ఆర్ట్స్ కాలేజీ వేరే రకం. నాలుగేళ్ల డిగ్రీ. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏదైనా సరే ప్రతి విద్యార్థీ కొంత చరిత్ర, తత్వశాస్త్రం, సైన్సు చదవాలి. చాలాచోట్ల ఒక విదేశీ భాష కూడా తప్పదు. క్లాసులో పదిహేను, ఇరవై మందే ఉంటారు. పైగా మీరు చెప్పే సబ్జెక్టుకూ విశ్వాసానికీ సంబంధం ఏమిటని ఇంటర్వ్యూలోనే అడుగుతారు.

హైదరాబాద్ ఇఫ్లూలోనో ఢిల్లీ జేఎన్‌యూలోనో స్పానిష్ చదివి ఇటువైపు వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను తడబడ్డ చోట్లు కూడా దాచకుండా చెబుతాను.

1. సంతకానికి ముందు కాగితం చదవండి

‘క్రైస్తవ కాలేజీ’ అనే బోర్డు కింద చాలా రకాలున్నాయి. ఇల్లినాయ్‌లోని వీటన్ కాలేజీ లాంటి చోట అధ్యాపకులు విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టాలి. మిషిగన్‌లో గ్రాండ్ రాపిడ్స్‌లో ఉన్న కాల్విన్‌ది రిఫార్మ్డ్ అనే ప్రొటెస్టెంట్ సంప్రదాయం. ఇండియానాలోని గోషెన్ మెనొనైట్లది, వాళ్లు శాంతివాదానికి పేరుపడ్డ మరో ప్రొటెస్టెంట్ శాఖ. మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ లూథరన్ కాలేజీయే అయినా అక్కడ అలాంటి సంతకం అడగరు. మతసంస్థల కాలేజీలు తమ విశ్వాసం ఉన్నవారినే ఉద్యోగంలోకి తీసుకోవడానికి అమెరికా చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి ‘తర్వాత చూసుకుందాంలే’ అనుకోవద్దు. మనస్ఫూర్తిగా సంతకం పెట్టలేని కాగితమైతే అప్లై చేయకండి. ఏటా దాన్ని తలచుకుని టెన్షన్ పడటం కంటే అదే నయం.

ఇంటర్వ్యూలో మీరూ రెండు విషయాలు అడగండి. ఒకటి, పాఠ్యపుస్తకాల మీద చివరి మాట ఎవరిది? రెండు, ఏదైనా రచన మీద తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదు వస్తే దాన్ని ముందు ఎవరు వింటారు? జవాబు తడుముకోకుండా వస్తే మంచి గుర్తు.

విశ్వాసానికీ బోధనకూ ఉన్న సంబంధం మీద రెండు మూడు పేజీలు రాయమంటారు. అక్కడ వేదాంతం దంచకండి. మీరు చెప్పబోయే ఒకే ఒక పాఠం తీసుకుని, అది క్లాసులో ఎలా నడుస్తుందో రాయండి. ఏ పాఠమో కింద నాలుగో మెట్టులో చెబుతాను.

2. ఎదురుగా కూర్చున్నది ఎవరో తెలుసుకోండి

మీ దగ్గరకు వచ్చేవాళ్లలో సాహిత్యం మీద ప్రేమతో వచ్చేవాళ్లు తక్కువ. నర్సింగ్, సోషల్ వర్క్, టీచింగ్ చదివేవాళ్లు ఎక్కువ. కేవలం రిక్వైర్‌మెంట్ కోసం వచ్చి నాలుగు వారాలు గడియారం వైపే చూసేవాళ్లూ ఉంటారు. ఇవి కాక ఈ కాలేజీల్లోనే ప్రత్యేకంగా కనిపించే గుంపు ఒకటుంది. చర్చి తరఫున పది రోజులు గ్వాటెమాలాకో హోండురాస్‌కో మిషన్ ట్రిప్ వెళ్లొచ్చిన పిల్లలు.

వీళ్లను తేలిగ్గా తీసిపారేయకండి. ఆ పది రోజులే వాళ్లను మీ క్లాసుకు తెచ్చాయి. కానీ ఓ చిక్కుంది. వాళ్లకు వచ్చిన స్పానిష్ అంతా చెప్పే స్పానిషే. ‘దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు’ అనడం వస్తుంది. ‘ఈ ఏడాది మీ పంట ఎలా ఉంది?’ అని అడగడం రాదు. అందుకే మొదటి రోజు నేను ఒక్కొక్కరికీ ఓ చిన్న కార్డు ఇస్తాను. స్పానిష్ మాట్లాడే మనిషి ఎదురైతే అడగాలనుకునే మూడు ప్రశ్నలు రాయమంటాను. వాక్యాలు రాస్తే వెనక్కి ఇచ్చేస్తాను, ప్రశ్నలే కావాలి. ఆ కార్డులు డిసెంబర్ దాకా నా దగ్గరే ఉంటాయి. మొదటి సెమిస్టర్ అయ్యేలోగా ఎవరి ప్రశ్నలు వాళ్లు స్పానిష్‌లో అడగగలగాలి, వచ్చిన జవాబు అర్థం చేసుకోగలగాలి. సిలబస్‌లో ఎన్ని లక్ష్యాలు రాసినా నాకు అసలు లక్ష్యం ఇదే.

మరో గుంపు, ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ పెరిగినవాళ్లు. 2020 జనగణన ప్రకారం అమెరికాలో హిస్పానిక్ మూలాలున్నవారు 6 కోట్ల 21 లక్షల మంది. మా ఊరి చుట్టుపక్కల డెయిరీల్లో, మాంసం ఫ్యాక్టరీల్లో పనిచేసే కుటుంబాల పిల్లలు మా కాలేజీకి వస్తారు. ట్రక్కును ‘త్రోకా’ అంటారు, మధ్యాహ్న భోజనాన్ని ‘లోంచె’ అంటారు. వీళ్ల స్పానిష్‌ను ఎర్ర ఇంకుతో కొట్టేయకండి. శ్రీకాకుళం పిల్లాణ్నో పాలమూరు పిల్లనో నిలబెట్టి ‘నీది తప్పు తెలుగు’ అన్న మాస్టారు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాడు. ఆ మాస్టారు మీరు కావద్దు. వాళ్లకు కావలసింది చదవడం, రాయడం, స్పెల్లింగ్, ఒత్తు గుర్తులు (ఏ అక్షరాన్ని నొక్కి పలకాలో చెప్పే గీతలు). వీలైతే విడిగా ఒక కోర్సు పెట్టండి. పెట్టలేకపోతే అదే క్లాసులో వాళ్లకు వేరే రాతపని ఇవ్వండి. వాళ్లను మీ ఉచిత అసిస్టెంట్లుగా మాత్రం వాడుకోకండి.

3. మొదటి ఆరు వారాలు: చెవి, నాలుక

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు స్పానిష్ నేర్పడానికి 30 వారాలు కేటాయిస్తుంది. తెలుగుకు 44 వారాలు. అదీ రోజంతా అదే పనిగా కూర్చుంటే. మీ విద్యార్థికి దొరికేది వారానికి మూడు నాలుగు గంటలు. అంటే సెమిస్టర్‌కు యాభై గంటల చిల్లర. అందులో ఇంగ్లిష్‌లో గడిపే ప్రతి నిమిషం నష్టమే. క్లాసు సమయంలో 90 శాతానికి పైగా నేర్పే భాషలోనే సాగాలన్నది ఇక్కడి భాషాధ్యాపకుల సంఘం ఆక్ట్‌ఫుల్ సిఫారసు. మొదటి వారం అది అసాధ్యం అనిపిస్తుంది. బొమ్మలు, సైగలు, నాటకం, ఏదైనా చేయండి. మూడో వారానికి అలవాటైపోతుంది.

ఉచ్చారణలో మనకు పుట్టుకతో వచ్చిన లాభం ఒకటుంది. స్పానిష్ ‘త’, ‘ద’లు మన త, ద లాగే పళ్లకు నాలుక ఆనించి పలికేవి. అమెరికన్ పిల్లలు ‘తు’ అనమంటే ‘టూ’ అని గాలి వదులుతారు. అరచేయి నోటి ముందు పెట్టుకుని, గాలి తగలకుండా ‘పాపా’ అనమనండి, రెండు రోజుల్లో దారికొస్తారు. ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. కర్ర, బుర్ర, గుర్రం అంటూ పెరిగిన మనకు ఆ తేడా పెద్ద లెక్క కాదు. మన ఇబ్బందులు వేరేచోట. స్పానిష్‌లో ‘బి’, ‘వి’ అక్షరాలకు శబ్దం ఒకటే, మనమేమో వ, బ విడివిడిగా పలికేస్తాం. ఒత్తు పడే చోటు మారితే అర్థం మారడం కూడా మనకు అలవాటు లేదు. ‘ఆబ్లో’లో మొదటి అక్షరం మీద ఒత్తు పెడితే ‘మాట్లాడతాను’, చివరి అక్షరం మీద పెడితే ‘మాట్లాడాడు’. నేను ఇప్పటికీ అలిసిపోయిన రోజున ఇక్కడ జారుతుంటాను.

వ్యాకరణంలో మొదటి గోడ ‘మే గుస్తా’. ‘ఐ లైక్’ అని పుట్టినప్పటి నుంచీ అంటున్న పిల్లలకు, ఇష్టపడే మనిషి వాక్యంలో కర్త కాదంటే బుర్ర తిరుగుతుంది. మనకేమో అది ఇంటి వాక్యమే, ‘నాకు నచ్చింది’. నచ్చేది కాఫీ, నచ్చడం నాకు. బోర్డు మీద ఆ తెలుగు వాక్యం రాసి, కింద పదానికి పదం స్పానిష్ రాసి చూపిస్తే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు. ప్రపంచంలో తమ భాష ఒక్కటే మామూలు భాష కాదని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు, మీరు తేడా కూడా అంతే. ‘తు’, ‘ఉస్తెద్’ల మీద వాళ్ల పుస్తకంలో పెట్టె కట్టి ఇచ్చిన నియమాలకంటే, మా మామయ్యను ‘నువ్వు’ అంటే ఇంట్లో ఏం జరుగుతుందో అభినయించి చూపితే బాగా ఎక్కుతుంది.

4. ప్రార్థనను వ్యాకరణంలోంచి తీయండి

ఈ కాలేజీల్లో చాలామంది అధ్యాపకులు క్లాసును ప్రార్థనతో మొదలుపెడతారు. కొత్తగా వచ్చినవాళ్లు అందరూ చేస్తున్నారని తామూ చేస్తారు. నేనూ చేశాను. మొదటి సెమిస్టర్‌లో యేసు శిష్యులకు నేర్పిన పరలోక ప్రార్థనను స్పానిష్‌లో తెర మీద వేసి అందరితో చదివించాను. రెండో రోజే వెనక బెంచీ అమ్మాయి, ఇంట్లో స్పానిష్ మాట్లాడే అమ్మాయి, నోరు మెదపకుండా కూర్చుంది. క్లాసయ్యాక అడిగితే, "ఇది మేం చెప్పేది కాదండీ" అంది. నేను వేసింది ప్రొటెస్టెంట్లు వాడే రెయినా-వలేరా బైబిల్ పాఠం. ఆ పిల్ల కాథలిక్. నా పాఠంలో ‘మా అప్పులు క్షమించు’ అని ఉంది. ఆమె అమ్మమ్మ నేర్పినదాంట్లో ‘మా అపరాధాలు క్షమించు’ అని ఉంటుంది. చిన్న తేడాయే. కానీ నా తెర మీద ఆ పిల్లకు చోటు లేకుండా పోయింది.

ఆ తర్వాత రోజూ ప్రార్థన చేయించడం మానేశాను. దాన్ని సబ్జంక్టివ్ చెప్పే వారానికి మార్చాను, అదీ రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి. అప్పటి నుంచి ఏటా నాకు బాగా కుదిరే పాఠం ఇదే.

సబ్జంక్టివ్ అంటే జరిగినదాన్నో జరుగుతున్నదాన్నో చెప్పే క్రియ కాదు. కోరుకున్నది, అనుమానించినది, భయపడినది చెప్పే క్రియారూపం. ఇంగ్లిష్‌లో అది దాదాపు చచ్చిపోయింది కాబట్టి పిల్లలకు పట్టుకోవడానికి ఆధారం ఉండదు. ప్రార్థన తీయండి. ‘సాంతిఫికాదో సేఆ తు నోంబ్రే’, ‘వెంగా తు రెయినో’, ‘ఆగసె తు వోలుంతాద్’. మూడు వరసలు, మూడు సబ్జంక్టివ్‌లు. తెలుగు బైబిల్లో అదే చోట ఏముందో చూడండి: పరిశుద్ధపరచబడు గాక, వచ్చుగాక, నెరవేరును గాక. చిన్నప్పుడు సండే స్కూల్లో అర్థం కాకుండానే వల్లించిన ఆ ‘గాక’ ఇన్నేళ్ల తర్వాత స్పానిష్ వ్యాకరణంలో దొరికినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

పాఠం ఇలా నడపండి. ముందు ఆ మూడు క్రియలకూ మామూలు వర్తమాన రూపాలు రాయించండి. ‘నీ రాజ్యం వస్తుంది’, ‘నీ చిత్తం నెరవేరుతుంది’ అని వస్తుంది. రెండింటినీ బిగ్గరగా చదివించి, తేడా ఏమిటని అడగండి. ఎవరో ఒకరు "ఒకటి వార్త, ఇంకోటి కోరిక" అంటారు. అప్పుడు మాత్రమే ‘సబ్జంక్టివ్’ అనే పేరు చెప్పండి. ప్రతి ఒక్కరూ సొంతంగా మూడు కోరికలు రాయాలి. దేవుడికే రాయక్కర్లేదు, రూమ్మేట్‌కు రాసినా సరే. ఈ పద్ధతిలో విశ్వాసం ఉన్న పిల్లలకు తమ ప్రార్థన కొత్తగా వినిపిస్తుంది. లేనివాళ్లు కూడా ఉంటారు, వాళ్ల చేత బలవంతంగా ప్రార్థన చేయించినట్టూ ఉండదు.

వెంటనే ‘ఓహలా’ అన్న మాట చెప్పండి. ‘అలా జరిగితే ఎంత బాగుండు’ అనడానికి స్పానిష్‌వాళ్లు రోజూ వాడే మాట, దాని వెనక ఎప్పుడూ సబ్జంక్టివే వస్తుంది. అది అరబ్బీ నుంచి వచ్చింది, మూలార్థం ‘అల్లా తలిస్తే’ లాంటిది. మన హైదరాబాద్‌లో వినే ఇన్షాల్లాకు దగ్గరి చుట్టం. 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ముస్లిం రాజ్యాలు ఉండేవని పిల్లలు చరిత్రలో చదివి మర్చిపోయి ఉంటారు. ఈ ఒక్క మాటతో గుర్తొస్తుంది. క్రైస్తవ కాలేజీలో నేర్చుకునే స్పానిష్‌లో కూడా అల్లా ఉన్నాడని తెలిశాక క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. మీరు తొందరపడి ఆ నిశ్శబ్దాన్ని నింపకండి.

5. ఎలుగుబంటి బైబిల్‌కు ఒక క్లాసు ఇవ్వండి

రెండో ఏడాదిలో ఒక యాభై నిమిషాలు దీనికి చాలు. సెవిల్ దగ్గరి మఠంలో సన్యాసిగా ఉన్న కసియొదోరో దె రెయినా లూథరన్ భావాల వల్ల 1557లో పారిపోయాడు. మనిషి దొరక్క ఇంక్విజిషన్ (మతవిరోధుల్ని విచారించే చర్చి న్యాయస్థానం) 1562లో అతని దిష్టిబొమ్మను తగలబెట్టింది. 1569లో బాసెల్‌లో అతను అనువదించిన పూర్తి బైబిల్ అచ్చయింది. ముఖపత్రం మీద తేనె కోసం చెట్టెక్కబోయే ఎలుగుబంటి, ముద్రాపకుడి గుర్తు. అందుకే దాన్ని ఎలుగుబంటి బైబిల్ అంటారు. 1602లో సిప్రియానో దె వలేరా దాన్ని సవరించాడు. లాటిన్ అమెరికా ప్రొటెస్టెంట్ చర్చిల్లో ఈనాటికీ చదివేది దాని వారసుడినే. బొమ్మ తెర మీద వేసి, ఎలుగుబంటి ఎందుకుందో ఊహించమనండి. కథ వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

దీనితో పాటు ‘వొసోత్రోస్’ చెప్పండి. ‘మీరంతా’ అనడానికి స్పెయిన్‌లో వాడే ఆ రూపం లాటిన్ అమెరికాలో ఎవరి నోటా రాదు, ఒక్క చర్చిలో బైబిల్ చదివేటప్పుడు తప్ప. మన పరిస్థితీ అదే కదా. ‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు’ అని ఎవరూ ఇంట్లో మాట్లాడరు, గుళ్లో మాత్రం అలా అంటేనే నిండుగా ఉంటుంది. రెయినా-వలేరాలోనూ ఆ కీర్తన ‘హెఓవా’ అనే పేరుతోనే మొదలవుతుంది.

6. భాష నుంచి సాహిత్యానికి వంతెన

చాలామంది విద్యార్థులు మునిగిపోయేది మూడో ఏడాదిలో. నిన్నటి దాకా రెస్టారెంటులో ఆర్డర్ ఇవ్వడం నేర్చుకున్నవాడి చేతిలో ఇవాళ పదిహేడో శతాబ్దం పెడతాం. వంతెన కోర్సులో రోజుకు నాలుగు పేజీలు మించనీయకండి. మొదటి చదువు డిక్షనరీ లేకుండా, అర్థమైన మాటల కింద మాత్రమే గీత గీస్తూ. అర్థం కానివాటికి గీతలు గీస్తే పేజీ నిండిపోయి గుండె జారుతుంది. రెండో చదువులో ఒక్కొక్కరికి ఐదు మాటలే వెతుక్కునే హక్కు. ఏ ఐదు అన్నది వాళ్లిష్టం. ఈ చిన్న కట్టుబాటు వల్ల ఏ మాట ముఖ్యమో ముందే ఆలోచిస్తారు.

వంతెన మీద నేను మొదట నిలబెట్టేది సోర్ హువానాను. మెక్సికో సన్యాసిని. చదువు మానమని హితవు చెప్పిన బిషప్‌కు 1691లో రాసిన జవాబులో తన వంటింటి ప్రయోగాల గురించి చెబుతుంది. గుడ్డు నూనెలో వేస్తే ముద్దగా వేగుతుందట, పాకంలో వేస్తే విడిపోతుందట. చివర్లో, అరిస్టాటిల్ వంట చేసి ఉంటే ఇంకా చాలా రాసి ఉండేవాడు అంటుంది. ఆ ఒక్క వాక్యంలో సబ్జంక్టివ్‌కు కష్టమైన రూపం రెండుసార్లు వస్తుంది. వ్యాకరణ పుస్తకంలో ‘నాకు డబ్బుంటే కారు కొనేవాణ్ని’ అన్న ఉదాహరణతో పిల్లల్ని చంపేకంటే ఇది మేలు. నేనైతే ఆ రోజు క్లాసుకు ఎలక్ట్రిక్ స్టవ్ పట్టుకెళ్తాను. పొగ అలారం మోగింది ఒక్కసారే.

7. ఏం చదివించాలి, ఎలా

స్పానిష్ సాహిత్యానికి విశ్వాసం బయటి నుంచి తెచ్చి అతికించక్కర్లేదు. అందులో దేవుడూ ఉన్నాడు, దేవుడి పేరుతో జరిగిన అన్యాయమూ ఉంది. భక్తి రచనలు మాత్రమే ఏరి పెడితే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. చర్చిని తిట్టే రచనలే పెడితే అది ఇంకో అబద్ధం.

‘లాసరియో దె తోర్మెస్’కు రెండు వారాలు ఇవ్వండి. 1554లో రచయిత పేరు లేకుండా వచ్చిన చిన్న నవల. 1559లో నిషిద్ధ గ్రంథాల జాబితాకెక్కింది. రెండో అధ్యాయంలో ఆకలితో ఉన్న కుర్రాడు ఓ పూజారి దగ్గర పనికి చేరతాడు. ఆయన రొట్టెలన్నీ ఓ పాత భోషాణంలో పెట్టి తాళం వేసి, తాళంచెవి అంగీ పట్టీకి కట్టుకుని తిరుగుతాడు. కుర్రాడికి నాలుగు రోజులకో ఉల్లిపాయ. ఓ రోజు మాట్లు వేసేవాడు వస్తే వాడి దగ్గర దొంగచెవి సంపాదించి మూత తెరుస్తాడు. లోపల రొట్టెల రూపంలో దేవుడి ముఖం కనిపించింది అంటాడు.

ఇక్కడ ఆగండి. ఆ వాక్యం మీద కనీసం ఇరవై నిమిషాలు. మీ విద్యార్థులు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర యేసు శరీరానికి గుర్తుగా రొట్టె తీసుకుంటూ పెరిగినవాళ్లు. వేరే యూనివర్సిటీలో ఈ పోలికను ప్రొఫెసర్ వివరించాల్సి వస్తుంది, మీ క్లాసులో వాళ్లే పట్టేస్తారు. నేను మూడే ప్రశ్నలు వేస్తాను. దేవుడి ముఖం చూసింది ఎవరు? పూజారి ఆ పెట్టెను రోజూ తెరుస్తాడు కదా, ఆయనకెందుకు కనిపించలేదు? ఇది దైవదూషణా, ప్రార్థనా? మూడో ప్రశ్నకు ఓటింగ్ పెట్టకండి. స్పానిష్‌లో చెరో పేరా రాయించండి.

పదహారో శతాబ్దపు సన్యాసి, కవి సన్ హువాన్ దె లా క్రుస్‌ను చెప్పేటప్పుడు జైలు దగ్గర మొదలుపెట్టండి. తమ సన్యాసి సంఘంలో సంస్కరణ నచ్చని సొంతవాళ్లే 1577 డిసెంబర్‌లో పట్టుకుని తొలేదోలో ఇరుకు గదిలో పెట్టారు. మర్నాటి ఏడాది ఆగస్టులో తప్పించుకున్నాడు. ఆ చీకట్లోనే తన గొప్ప కవితల్లో కొంత భాగం కట్టాడు. ఆత్మ స్త్రీ, దేవుడు ప్రియుడు. మా పిల్లలు ఇబ్బందిగా కదులుతారు. అన్నమయ్య శృంగార సంకీర్తనలు విన్న మనకు ఇందులో కొత్తేం లేదు, కాబట్టి ఈ పాఠం మనం చాలా హాయిగా చెప్పగలం.

అదే కాలపు సన్యాసి, కవి, ప్రొఫెసర్ ఫ్రాయ్ లుయిస్ దె లియోన్ కథను పక్కనే పెట్టొచ్చు. బైబిల్లోని ప్రేమకావ్యం పరమగీతాన్ని స్పానిష్‌లోకి తెచ్చాడన్నది అతని మీద మోపిన నేరాల్లో ఒకటి. 1572 నుంచి 1576 దాకా జైల్లో ఉన్నాడు. సలమాంకా యూనివర్సిటీలో మళ్లీ క్లాసుకొచ్చి ‘నిన్న మనం చెప్పుకున్నట్టు’ అంటూ మొదలుపెట్టాడని కథ. నిజమో కాదో గానీ, సెలవుల తర్వాత మొదటి క్లాసులో నేను ప్రతిసారీ ఆ మాటే వాడతాను.

స్పెయిన్ రచయిత ఉనమూనో రాసిన ‘సన్ మనుఎల్ బుఎనో, మార్తిర్’ సెమిస్టర్ చివర ఉంచండి. 1931 నాటి చిన్న నవల. ఊరంతా సాధువని కొలిచే ఫాదర్‌కు పునరుత్థానం (చనిపోయినవాళ్లు మళ్లీ లేవడం) మీద నమ్మకం లేదు. గుళ్లో అందరూ ఒకే గొంతుతో విశ్వాస ప్రమాణం చెబుతుంటారు. ‘శరీర పునరుత్థానము, నిత్యజీవము’ అన్న చోటికి వచ్చేసరికి ఆయన గొంతు ఆగిపోతుంది, జనం గొంతులో ఆ ఖాళీ మునిగిపోతుంది. మళ్లీ వ్యాకరణానికి రండి. స్పానిష్‌లో ‘వస్తాడని నమ్ముతున్నాను’ అంటే మామూలు క్రియ. ‘వస్తాడని నమ్మను’ అనగానే సబ్జంక్టివ్. నమ్మకానికో రూపం, అనుమానానికో రూపం. ఇది చెప్పిన రోజున ఆఫీసు తలుపు తీసి ఉంచండి. తమలోని అనుమానం ఎవరికీ చెప్పుకోలేని పిల్లలు ఇలాంటి కాలేజీల్లో ఉంటారు. ‘హోంవర్కులో డౌటు’ అంటూ వచ్చి కూర్చుంటారు.

లాటిన్ అమెరికా నుంచి ఒకటే ఎంచుకోమంటే ఎల్ సాల్వడోర్ దేశపు ఆర్చ్‌బిషప్ రొమేరో ప్రసంగం ఎంచుకుంటాను. 1980 మార్చి 23న సాన్ సల్వడోర్‌లో సైనికుల్ని ఉద్దేశించి ఆయన అన్న మాటలు, బతిమాలుతున్నాను, వేడుకుంటున్నాను, దేవుని పేర ఆజ్ఞాపిస్తున్నాను, ఈ అణచివేత ఆగాలి. మూడు క్రియలు మెట్టు మెట్టుగా పైకెక్కుతాయి, ఆ ‘ఆగాలి’ సబ్జంక్టివ్‌లో ఉంటుంది. రికార్డింగ్ దొరుకుతుంది, వినిపించండి. చప్పట్లు ఎక్కడ మొదలవుతాయో రాసుకోమనండి. మర్నాడు పూజ చేస్తుండగా ఆయన్ని కాల్చి చంపారన్నది విన్న తర్వాతే చెప్పండి.

8. ఫిర్యాదు వచ్చినప్పుడు

వస్తుంది. నాకు లాసరియో మీదే ఒకటి వచ్చింది, ఓ తండ్రి నుంచి ఈమెయిల్. కోపంగా వెంటనే జవాబు రాయకండి. ముందు డిపార్ట్‌మెంట్ పెద్దకు చెప్పండి, తర్వాత విద్యార్థితో మాట్లాడండి. తల్లిదండ్రులతో నేరుగా మార్కుల సంగతి మాట్లాడటానికి చట్టం అడ్డొస్తుందని గుర్తుంచుకోండి. అసలు మందు ముందుజాగ్రత్తే. సిలబస్‌లో ప్రతి రచన పక్కనా దాన్ని ఎందుకు చదువుతున్నామో రెండు వాక్యాలు రాసిపెట్టండి. నా విషయంలో ఆ రెండు వాక్యాలే పనిచేశాయి.

9. క్లాసు బయట

దగ్గర్లో స్పానిష్ ఆరాధన జరిగే చర్చి ఉంటే పిల్లల్ని పంపండి, కాథలిక్ అయినా పెంతెకోస్తు అయినా. సేవ చేయడానికి వెళ్తున్నామని మాత్రం అననీయకండి. వాళ్లు అతిథులు. ముందుగా పాస్టరుగారిని అడిగి, ఇద్దరిద్దరు చొప్పున, ఒకే చోటికి కనీసం మూడుసార్లు వెళ్లాలి. ఫొటోలు వద్దు. భోజనం పెడితే తినాలి, ప్లేట్లు కడగాలి. తిరిగొచ్చి ‘నేనేం నేర్పాను’ అన్నది రాయకూడదు, ఎవరు ఏం అడిగారో రాయాలి.

విదేశీ సెమిస్టర్ గురించి ఒక్క మాట. గోషెన్ కాలేజీ 1968 నుంచి తన విద్యార్థుల్ని ఇతర దేశాలకు పంపి, కొంతకాలం చదువు, కొంతకాలం పని, స్థానిక కుటుంబాల్లో నివాసం అన్న పద్ధతి నడుపుతోంది. మీ కాలేజీకి అంత స్తోమత లేకపోయినా కుటుంబంతో ఉండే ఏర్పాటు మాత్రం వదులుకోకండి. హాస్టల్లో అమెరికన్లందరూ కలిసి ఉంటే వచ్చేది ఇంగ్లిషే.

10. మార్కులు, డిపార్ట్‌మెంట్ బతుకు

2016, 2021 మధ్య అమెరికా కాలేజీల్లో ఇంగ్లిష్ కాని భాషలు చదివేవాళ్లు 16.6 శాతం తగ్గారు. చిన్న కాలేజీలో ఇద్దరు ముగ్గురే ఉండే స్పానిష్ విభాగానికి ఈ లెక్క పట్టిక కాదు, ఉద్యోగం. నర్సింగ్, ఎడ్యుకేషన్ విభాగాలవాళ్లతో కలిసి భోజనం చేయండి. వాళ్ల విద్యార్థికి మైనర్‌గా (రెండో సబ్జెక్టుగా) స్పానిష్ ఇమిడేలా టైమ్‌టేబుల్ కుదర్చండి. ‘వైద్యానికి స్పానిష్’ లాంటి కోర్సు పెట్టడం సాహిత్యానికి ద్రోహమని నేను మొదట్లో అనుకునేవాణ్ని. ఆ కోర్సు నుంచి ఇద్దరు ముగ్గురు ఉనమూనో దాకా నడిచొచ్చాక ఆ మాట మానేశాను.

మార్కుల్లో మౌఖిక పరీక్షకు కనీసం పావు వంతు ఇవ్వండి. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, మీ ఆఫీసులో, కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకు. మొదటి రోజు వాళ్లు రాసిచ్చిన ప్రశ్నల కార్డు బల్ల మీద పెట్టండి. ఆ మూడు ప్రశ్నలు వాళ్లు మిమ్మల్ని అడగాలి, మీరు జవాబు చెప్పాలి, దాన్నుంచి వాళ్లు ఇంకో ప్రశ్న అల్లాలి. చివరి నిమిషంలో నేను ఒక మాట అంటాను, ‘ఓహలా...’ మిగతా వాక్యం వాళ్లు పూర్తిచేయాలి. పోయినేడాది ఓ నర్సింగ్ అబ్బాయి, నాలుగు వారాలు గడియారం చూసిన బాపతే, కాసేపు ఆలోచించి "ఓహలా, మా అమ్మ ఫోన్ ఎత్తుగాక" అన్నాడు. క్రియ సరిగ్గానే పెట్టాడు. పూర్తి మార్కులు వేసి, బయట నిలబడ్డ తర్వాతి పిల్లను కాసేపు ఆగమన్నాను.